అరిగిపోని గొంతు

మా బాపు గొంతు ఎల్లారెడ్డిలో అందరికీ తెలుసు. సరిగా తెలియనిది మా ఇంట్లోవాళ్లకే.

ఆయన మైకులో చాటింపు వేసేవాడు. మొదట్లో రిక్షా మీద, తర్వాత సొంత ఆటో మీద రెండు బూరలు కట్టుకుని, ఎల్లారెడ్డి గల్లీలన్నీ చుట్టి, లింగంపేట మీదుగా తాడ్వాయి దాకా తిరిగేవాడు. కరెంటు బంద్, చీరల సేల్, నల్లా బిల్లుకు ఆఖరి తేదీ, తప్పిపోయిన బర్రె, ఎవరో కాలం చేసిన సంగతి, అన్నీ ఆయన నోటి మీదుగానే జనానికి చేరేవి. రోడ్డు మీద అంత మాట్లాడిన మనిషి ఇంటికి రాగానే నోటికి తాళం వేసేవాడు. గొంతు మీద బతికేవాడు దాన్ని ఇంట్లో ఖర్చు చేయకూడదని ఆయన పట్టుదల. గోరువెచ్చని నీళ్లు తాగి, గోడకు ఆనుకుని, బీడీ ముట్టించుకుని కూర్చునేవాడు. బీడీ గొంతుకు మంచిది కాదన్న సంగతి మాత్రం ఆ పట్టుదలలో ఎక్కడా ఉండేది కాదు.

మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి వేలి కణుపుతో దాని మీద కొట్టే అలవాటు ఆయనకు. ఇంట్లో మాకు అదే భాషయింది. ఒకసారి కొడితే అవును. రెండుసార్లు కొడితే కాదు. కంచం, తలుపు, మంచం కోడు, చేతికి ఏది అందితే దాని మీద. బడి పిల్లలతో కలిసి విహారయాత్రకు పోవాలా వద్దా, కొత్త చెప్పులు కొనాలా వద్దా, అన్నీ అలాగే తేలేవి. నా పెళ్లి సంబంధం మంచం కోడు మీద ఖాయమైందని మావారు ఇప్పటికీ ఎద్దేవా చేస్తారు. పెళ్లిచూపులకు వచ్చి వెళ్లాక అమ్మ అడిగితే బాపు ఒక్కసారి కొట్టాడట. ఆ రోజు వేలు నొప్పిగా ఉండి రెండోసారి కొట్టలేదేమోనని నేను అంటుంటాను.

అమ్మ బీడీలు చుట్టేది. వాకిట్లో కూర్చుని, ఒళ్లో చాట, చేతిలో కత్తెర, తునికాకు కత్తిరిస్తూ ఉండేది. మధ్యాహ్నం మసీదు మలుపు దగ్గర బాపు గొంతు వినిపించగానే చాట పక్కన పెట్టి లేచి, చేతులు కడుక్కుని, కంచంలో అన్నం పెట్టేది. ఆ గొంతు మలుపు దగ్గర నుంచి మా ఇంటికి వచ్చేలోపు కూర కూడా పడేది. కార్ఖానాలో తీసుకోని వంకర బీడీలు ఇంటికి వాపసు వచ్చేవి. అవన్నీ బాపువే. పారేస్తే పాపమన్నట్టు ఒక్కటి కూడా వదిలేవాడు కాదు.

నేను కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. నాకు ఉద్యోగం వచ్చి కామారెడ్డికి మారాక తమ్ముడు ఆటో అందుకున్నాడు. వాడికి బాపు తెలివి కొంత, ఎవరి నుంచి వచ్చిందో తెలియని బద్ధకం మొత్తం వచ్చాయి. రోజూ బాపును వెంట తిప్పుకోవడం ఎందుకని ఒక ఉపాయం చేశాడు. లోపలి గదిలో గోడలకు బొంతలు వేలాడదీసి, బాపును కూర్చోబెట్టి, ఆయన గొంతును ముక్కలు ముక్కలుగా రికార్డు చేశాడు. ఊర్ల పేర్లు, వారాలు, అంకెలు, కూరగాయల పేర్లు, చీరల రకాలు, మనుషులకు మామూలుగా ఉండే పేర్లు, "కాలం చేసినారని తెలుపుటకు చింతిస్తున్నాము" అనే ముక్క, మొదట వేలితో మైకు మీద కొట్టే చప్పుడుతో సహా అన్నీ. ఏ చాటింపు కావాలన్నా ఫోన్లో ఆ ముక్కలు ఏరి అతికిస్తే సరిపోయేది. అది ఒక చిన్న కార్డులోకి ఎక్కేది, కార్డు ఆటోలోకి ఎక్కేది, బాపు ఇంట్లోనే ఉండేవాడు. ఆ రికార్డింగంతా ఒక ఆదివారం మటన్ తిన్న తర్వాత జరిగింది. అందుకే చావు వార్త చెప్పేటప్పుడు కూడా ఆ గొంతులో కాస్త కడుపు నిండిన తృప్తి ఉండేది.

"మంచిగున్నది. నేను పండుకున్నా నా గొంతు కైకిలి చేస్తున్నది" అన్నాడు బాపు, మొదటిరోజు ఆటో గల్లీలోంచి పోతుంటే. ఇంట్లో ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట విన్నందుకు మేం అందరం నవ్వాం. మామూలు గొంతుతో ఆయన అన్న మాటల్లో నాకు గుర్తున్న చివరిది అదే.

తర్వాత ఎన్ని నెలలు గడిచాయో ఎవరూ లెక్క పెట్టలేదు. రోజూ మధ్యాహ్నం ఆయన గొంతు గల్లీలో ఖంగుమని మోగుతూనే ఉంది. ఇంట్లో మనిషి ఎప్పటిలాగే కంచం మీద కొడుతూనే ఉన్నాడు. మోగే గొంతును రోజూ వింటున్నవాళ్లకు ఆ మనిషి గొంతు ఎలా ఉందని అడగాలని ఎందుకు తోస్తుంది? నేను వారానికోసారి వచ్చేదాన్ని. నాకూ తోచలేదు.

తెలిసింది ఒక చావు వల్ల. లింగంపేటలో ఒక పెద్దాయన కాలం చేశాడు. ఆయన పేరు తమ్ముడి ముక్కల్లో లేదు. అందుకని చాలా రోజుల తర్వాత బాపును ఆటోలో కూర్చోబెట్టుకుని పోయాడు. బాపు మైకు తీసుకుని వేలితో కొట్టాడు. బూరలు ఠక్కుమన్నాయి. నోరు తెరిచాడు. బూరల్లోంచి ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు వచ్చింది, మాట రాలేదు.

"మైకు ఖరాబైంది" అన్నాడు తమ్ముడు. బాపు ఆటో కమ్మీ మీద ఒకసారి కొట్టాడు. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. ముప్ఫై ఏళ్లు మైకు పట్టిన మనిషికి చప్పుడు చెడితే అనుమానం ముందు వైరు మీదికి పోతుంది. వైరు మార్చారు. కొత్త మైకు తెచ్చారు. అదే చప్పుడు. ఆంప్లిఫయర్ పోయిందన్నారు, బూర లోపలి యూనిట్ పోయిందన్నారు. చివరికి మొత్తం విప్పుకుని ఆటోలో వేసుకుని కామారెడ్డికి వచ్చారు.

రైల్వే స్టేషన్ రోడ్డులో మైకులు బాగుచేసే దుకాణం ఉంది. కాలేజీ నుంచి నేనూ అక్కడికి పోయాను, భోజనానికి వాళ్లను ఇంటికి తీసుకుపోదామని. దుకాణం ఆయన అన్నీ బిగించి "హలో, హలో" అన్నాడు. స్టేషన్ దాకా వినిపించింది. తమ్ముడి చేతికి ఇచ్చాడు. వాడి హలో కూడా అంతే గట్టిగా మోగింది. బాపుకు ఇచ్చాడు. బాపు వేలితో కొట్టి, మైకును నోటికి దగ్గరగా పెట్టుకుని, "ఎల్లారెడ్డి పట్టణ ప్రజలకు" అన్నాడు. ఎండుటాకులు.

ఎండ నడినెత్తిన ఉంది. బస్సులు, ఆటోలు, తోపుడుబండ్లు, అంత రద్దీలో ఆ చప్పుడు రోడ్డంతా పాకింది, ఒక్కరూ తిరిగి చూడలేదు. దుకాణం ఆయన మైకు వెనక్కి తీసుకుని, బాపు మొహం చూడకుండా గుడ్డతో తుడిచాడు.

"మైకు మంచిగనే ఉన్నది, అన్నా" అన్నాడు.

తమ్ముడు నా వైపు చూశాడు. అప్పుడు నాకు కలిగిన భయాన్ని ఇప్పటికీ పేరు పెట్టి చెప్పలేను. మా బాపు గొంతు ఎప్పుడో పోయింది, ఆటోలో రోజూ మోగుతున్న గొంతు వల్ల అది పోయిన సంగతి ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది.

చెవి ముక్కు గొంతు డాక్టరు సన్నని గొట్టం ముక్కులోంచి లోపలికి దింపి తెర మీద చూపించాడు. స్వరతంతువు మీద తెల్లటి మచ్చ, దాని పక్కన పూలగోబీ పువ్వులాంటి గడ్డ. ఒక తంతువు కదలడం లేదు. "గొంతు బొంగురు పోయి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఒక్క ఇంట్లోనే ఉంటారు కదా" అన్నాడు. ఆ డాక్టరు మీద నాకు చాలా కోపం వచ్చింది. ఆయన అన్నది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పోయాం. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. స్వరపేటిక మొత్తం తీసేయాలి, మెడ ముందు రంధ్రం చేస్తారు, ఇక మీదట ఊపిరి అక్కడి నుంచే, మాట ఉండదు. తీయకపోతే గడ్డ ఊపిరికే అడ్డం పడుతుంది. ఆలోచించుకుని రమ్మన్నారు.

బాపు ఎల్లారెడ్డికి పోనన్నాడు. కామారెడ్డిలో మా ఇంటి వరండాలో కూర్చున్నాడు. రెండు రోజులు ఎవరు ఏం అడిగినా కుర్చీ చెయ్యి మీద రెండుసార్లు కొట్టాడు. ఆపరేషనా? వద్దు. మందులా? వద్దు. అన్నమా? అదీ వద్దు. మూడోరోజు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నన్ను పక్కన కూర్చోమని సైగ చేసి, మొహం దగ్గర పెట్టి, గాలితో మాట్లాడాడు.

"బిడ్డా, నువ్వు పిల్లలకు జెప్పేది గివే కదా. నాకూ జెప్పు. గిది బయటికెళ్లి వచ్చిన పురుగా?"

"పురుగు కాదు బాపు. నీ లోపలిదే. నీ గొంతుల కణమే."

"నాదైతే నా మాట ఎందుకు ఇనదు?"

ఆ వారమే క్లాసులో అదే పాఠం చెప్పాను. బోర్డు మీద క్రోమోజోము బొమ్మ గీసి, రెండు కొసలకూ ఎర్ర చాక్‌పీసుతో తొడుగులు వేసి, వీటిని టెలోమియర్లు అంటారని రాసి, వెనక బెంచీ వాళ్లను తిట్టి, బయటికి వచ్చాను. అదే సంగతి బాపు మొహానికి అంత దగ్గరగా చెప్పాల్సి వచ్చేసరికి ఆ మాటలేవీ పనికిరాలేదు. చివరికి మా పాత బావి చేంతాడు గుర్తొచ్చింది.

బొక్కెన కట్టే చోట తాడు అరిగితే బాపు ఆ కొస కోసేసి మళ్లీ ముడి వేసేవాడు. అలా కోస్తూ కోస్తూ ఉంటే ఒక ఎండాకాలం బొక్కెన నీళ్లకు అందలేదు. ఆ తాడు పని అయిపోయిందని పక్కన పడేసి కొత్తది తెచ్చాడు. "నీ ఒంట్ల ప్రతి కణంల అసొంటి తాళ్లే ఉంటయి బాపు" అన్నాను. "కణం ఒక్కటి రెండు అయినప్పుడల్లా తాడు కొస జరంత తరుగుతది. తరిగి తరిగి సాలకుంటయితది. అప్పుడు కణం పెరుగుడు బంద్ వెడతది, లేకుంటే సస్తది. గట్లనే ఉండాలె. గట్ల ఉన్నందుకే మనం మనుషుల లెక్క ఉన్నం, గడ్డల లెక్క కాదు."

బాపు ఒకసారి కొట్టాడు. చెప్పు, అని.

"బీడీ పొగ గొంతుల కణాలను కాలుస్తది. కాలినవాటి జాగల కొత్తవి పుట్టాలె. పుట్టినప్పుడల్లా తాడు తరుగుతది. పొగ లోపలి కట్టడిని గూడ ఖరాబ్ చేస్తది. ఆగాల్సిన కణాలు ఆగయి. తాడు అయిపోయినా పెరుగుతనే ఉంటయి, కొసలు లేని తాళ్లు ఒకదానికొకటి అతుక్కుంటయి, తెగుతయి. శానా మటుకు గప్పుడే సస్తయి. వాటిల ఏదో ఒకటి తాడును పొడుగు జేసేదాన్ని లేపుకుంటది."

"ఏందది?"

"టెలోమరేజ్ అంటరు. ఎంజైము. అరిగిన కొసను మల్ల అల్లుతది. గది లేసిందంటే తాడు ఇగ అయిపోదు. గా కణానికి ఆఖరు ఉండదు. గిదొక్కటే కాదు బాపు, ఇంక మస్తు చెడాలె క్యాన్సర్ కావాలంటే. గని గిది లేకుంటే అది ఎక్కువ దూరం పోలేదు."

"గది యాడికెళ్లి వచ్చింది?"

"అవ్వ కడుపుల నువ్వు పెరిగేటప్పుడు అదే నిన్ను పెంచింది. పుట్టినంక శానా కణాలల్ల దాన్ని పండవెడతది ఒళ్లు. నీ గొంతుల మల్ల లేసింది."

బాపు రోడ్డు వైపు చూశాడు. మా గేటు ముందు ఎండలో ఒక కుక్క పడుకుని ఉంది. ఊపిరి తీస్తోందో లేదో తెలియనంత కదలకుండా ఉంది.

"అయితె అది సావదా?"

"దానంతట అది సావదు."

"నేను సస్తె?"

"సస్తది. నీతోని."

చెప్పకూడనిది ఇంకొకటి ఉంది. అలాంటి కణాలకు గాజు బుడ్డీలో తిండి పెడితే మనిషి పోయిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా పెరుగుతూనే ఉంటాయి. అది క్లాసులో చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, అందుకని ప్రతి ఏడూ చెప్తాను. బాపుకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆయన ఏదో లెక్క వేసుకున్నాడు. కుర్చీ చెయ్యి మీద వేలు ఆనించి, కొట్టకుండా ఆపి, మళ్లీ గాలితో అన్నాడు.

"అరిగిపోనిది లోపల ఉండొద్దు బిడ్డా. తీపియ్యి."

ఆపరేషన్‌కు ముందు తమ్ముడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. ఏమన్నా రికార్డు చేద్దామా, ఎంత చిన్న మాటైనా సరే అన్నాడు. బాపు మంచం కోడు మీద రెండుసార్లు కొట్టాడు.

ఎల్లారెడ్డి ఇంటికి తిరిగి వచ్చేసరికి మెడ ముందు రంధ్రం, దాని మీద తెల్లని పలచని గుడ్డ. ఊపిరి తీసినప్పుడల్లా గుడ్డ లోపలికి పోయి బయటికి వచ్చేది. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నాను. మొదటిరోజు మధ్యాహ్నం అమ్మ చాట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. బాపు గోడకు ఆనుకుని ఉన్నాడు. మసీదు మలుపు దగ్గర బాపు గొంతు వినిపించింది.

"ఎల్లారెడ్డి పట్టణ ప్రజలకు విజ్ఞప్తి."

అమ్మ చాట పక్కన పెట్టింది. లేచింది. చేతులు కడుక్కుని, కంచం తీసి, అన్నం పెట్టి, కూర వేసి, నీళ్ల చెంబుతో వాకిట్లోకి వచ్చి గేటు వైపు చూస్తూ నిలబడింది. ఆమె వెనక మూడడుగుల దూరంలో బాపు కూర్చుని ఉన్నాడు. గొంతు దగ్గరికి వచ్చి, మా గోడ పక్క నుంచి పోయి, దూరమైంది. అప్పుడు వెనక్కి తిరిగి బాపును చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. ఇంట్లో ఎవరో కొత్త మనిషి కూర్చుని ఉంటే చూసినట్టు చూసింది.

రోజూ అలాగే జరిగింది. ఆయన ఉన్నాడని తెలుసు, అయినా ఆ గొంతు వినగానే ఆమె కాళ్లు లేచేవి. చూడటానికి వచ్చినవాళ్లు కూడా తికమకపడేవాళ్లు. పక్కింటి ముసలమ్మ ఒకనాడు బాపు ముందు చతికిలబడి నిలదీసింది. "ఏందయ్యా, ఇంట్ల మూగోని లెక్క కూసుంటివి, బజార్ల మంచిగనే ఒర్రుతున్నవు కదా. మాతోని మాట్లాడనీకె గింత గీరనా?" ఆపరేషన్ అయిందని, గొంతు తీసేశారని నేను చెప్తే నమ్మలేదు. "మరి గదెవరు?" అని గోడ వైపు చేయి చూపించింది. గోడ అవతల ఆ గొంతు నల్లా బిల్లు గురించి చెప్తోంది.

బాపుకు ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. గొంతు వినిపించగానే మెడ మీది గుడ్డ గబగబా కదిలేది. కానీ అది తమ్ముడి బతుకు. అందుకని ఓర్చుకున్నాడు, ఒక పాత దోస్తు చావు దాకా.

బాపు రిక్షా మీద చాటింపు వేసే రోజుల్లో ఆ రిక్షా తొక్కిన మనిషి ఒకడుండేవాడు. ఇద్దరిదీ ఒకే ప్రాణం. ఆయన సదాశివనగర్‌లో బిడ్డ దగ్గర ఉంటూ అక్కడే పోయాడు, దహనానికి ఎల్లారెడ్డి తెచ్చారు. పచ్చి పుండు మీద ఉన్న బాపుకు ఇప్పుడే చెప్పొద్దని తమ్ముడు మాతో ఒట్టు వేయించాడు. కానీ ఆ ఇంటివాళ్ల కోరిక మీద ముక్కలు ఏరి చాటింపు అతికించాడు. ఆయన పేరు మామూలు పేరే, ముక్కల్లో ఉంది. ఆటో రోజూ పోయే దారినే పోయింది. ఆ దారిలో మా ఇల్లు ఉందన్న సంగతి వాడికి అప్పుడు గుర్తుకు రాలేదు.

బాపుకు తన దోస్తు పోయాడని చెప్పింది ఆయన గొంతే. కడుపు నిండిన తృప్తితో, ఎక్కడా వణకకుండా, కాలం చేసినారని తెలుపుటకు చింతిస్తున్నామని చెప్పి, నాలుగు గంటలకు అంత్యక్రియలని చెప్పి, గోడ పక్క నుంచి పోయింది. బాపు లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. చప్పుడు నోట్లోంచి రాలేదు, మెడలోంచి వచ్చింది, గాలి చప్పుడు.

దహనానికి పోయి వచ్చాక ఆటోలోంచి కార్డు తనే ఊడబెరికాడు. అమ్మ చాటలోంచి తునికాకు కత్తెర తీసుకున్నాడు. తమ్ముడు అడ్డం వచ్చి, "బాపు, నా తిండి గది" అన్నాడు. బాపు, ఆపరేషన్ అయినప్పటి నుంచి పక్కన పెట్టుకున్న పలక మీద రాసి వాడి మొహానికి చూపించాడు. "అది నేను కాదు." ఫోన్లో ఉన్నది కూడా తన ముందే తుడిపించి, కార్డును కత్తెరతో రెండు ముక్కలు చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పైకి అన్నాను కూడా, మంచి పని చేసినవని.

అమ్మ మాత్రం కత్తెర తిరిగి తీసుకోలేదు. "ఇంట్ల ఎన్నడు నాతోని మాట్లాడకపోతివి" అంది నెమ్మదిగా. "నేను ఇన్నదే గా గొంతు. నీదని కోసేస్తివి, నాకు ఏమున్నదని అడగకపోతివి." దానికి బాపు దేని మీదా కొట్టలేదు.

తర్వాత తమ్ముడు సొంత గొంతు పెట్టాడు. ఏదో అలా నడిచింది. బాపు కాస్త లావయ్యాడు. గుడ్డ మార్చుకోవడం, రంధ్రం శుభ్రం చేసుకోవడం నేర్చుకున్నాడు. దవాఖానకు పోయిన ప్రతిసారీ ఏమీ లేదన్నారు. నేను నమ్మడం మొదలుపెట్టాను. క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడు గాజు బుడ్డీ సంగతి చెప్పడం మానేశాను, అంతే.

మొన్న మార్చిలో మెడకు ఎడమ పక్క ఒక చిన్న గట్టితనం చేతికి తగిలింది. సూది పెట్టి ముక్క తీశారు. ఫలితం ఇచ్చే రోజున బాపు, తమ్ముడు హైదరాబాద్ పోయారు. నాకు పరీక్షల డ్యూటీ మద్నూరులో పడింది. వద్దంటే వినే పై అధికారి లేడు. పొద్దుటి నుంచి ఫోన్ బయట పెట్టి లోపల కాపలా కాశాను. పరీక్ష అయ్యేసరికి మిట్టమధ్యాహ్నం. ఫోన్ తీసుకుని స్కూలు గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. మహారాష్ట్ర పక్కనే కాబట్టి చుట్టూ మరాఠీ మాటలు. ఎండకు రోడ్డు మీద మనుషులు లేరు.

రెండుసార్లు మైకు మీద వేలితో కొట్టిన చప్పుడు వినిపించింది.

"ఉల్లిగడ్డలు. ఎల్లిగడ్డలు. మంచి ఉల్లిగడ్డలు."

బాపు గొంతు. ముప్ఫై ఏళ్ల మైకు గొంతు, మటన్ తిన్న ఆదివారం గొంతు. దాని వెనకే ఇంకెవరిదో గొంతు అదే మాట మరాఠీలో చెప్పింది. మళ్లీ బాపు. మెడ మీద చేయి వేసుకున్నాను, నా మెడ మీదే.

ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ఉల్లిగడ్డల బస్తాల మధ్య కూర్చున్నతను దిగి, "ఎన్ని కిలోలు మేడం?" అన్నాడు.

"ఈ గొంతు ఎవరిది?"

"నాది కాదు. కార్డుల వచ్చింది."

"కార్డు ఎవరిచ్చిన్రు?"

"బిచ్కుంద అన్న ఇచ్చిండు. ఆయనకు బాన్సువాడల ఎవరో ఇచ్చిన్రట. మస్తు మంది కాడ ఉన్నది మేడం, గీ గొంతు వెడితె గిరాకీ మంచిగైతది." దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "గా మనిషి సచ్చిపోయిండంటరు. గొంతు మాత్రం ఏం తగ్గలే."

తమ్ముడు ఎప్పుడో తన జోడీదార్లకు ఇచ్చి ఉంటాడు, కార్డు కోసేయక ముందు. వాళ్లు ఇంకొకరికి ఇచ్చి ఉంటారు. ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో ఇక ఎవరికీ తెలియదు. కత్తెర కోసింది ఒక్కదాన్నే. ఒకదాన్ని కోసినా మిగిలినవి పెరుగుతూనే ఉంటాయని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెప్పినదాన్ని, నాకు మాత్రం ఆ ఎండలో నిలబడ్డాకే అర్థమైంది.

"బంద్ చెయ్యి. కార్డు తీసియ్యి. గది మా బాపు గొంతు" అన్నాను. అతను నన్ను అనుమానంగా చూసి, నా మొహం చూసి, కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడి నంబరు.

"ఏమన్నరురా?"

గాలి లోపలికి పోయి బయటికి వస్తోంది. ఆ ఊపిరి నాకు తెలుసు. ఫోన్ తమ్ముడి చేతిలో లేదు.

"బాపూ?"

టక్.

"డాక్టర్ చూసిండా?"

టక్.

"మల్ల వచ్చిందన్నడా?"

టక్. రెండోదాని కోసం ఆగాను. రాలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను. మద్నూరులో ఉన్నానని, ఇక్కడ ఒక ఆటోలో నీ పాత గొంతు దొరికిందని, ఉల్లిగడ్డలు అమ్ముతోందని, కార్డు ఇప్పుడే ఇరగ్గొడతానని చెప్పాను.

ఊపిరి చప్పుడు ఆగింది.

"ఇరగ్గొట్టనా బాపు?"

టక్. టక్.

నేను సరిగా విన్నానో లేదో అని మళ్లీ అడిగాను. మళ్లీ రెండుసార్లు కొట్టాడు, ఈసారి తొందరగా.

ఆటో అతని చేతిని కార్డుతో సహా మూసి వెనక్కి తోశాను. "పెట్టుకో. మల్ల వెయ్యి" అన్నాను. అతను కార్డు లోపల పెట్టాడు. మా బాపు వేలు మైకు మీద కొట్టింది. నేను ఫోన్ బూర వైపు పట్టుకుని నిలబడ్డాను. ఆటో కదిలి, స్కూలు గోడ దాటి, బజారు వైపు తిరిగి, వినిపించనంత దూరం పోయేదాకా బాపు ఫోన్ పెట్టలేదు.